సీటు కింద సీసా

మేనమామ లారీ బాగు చెయ్యడానికి వచ్చిన జాసి మొట్టమొదట చేసిన పని డ్రైవరు సీటు వెనక్కి జరపడం.

పని మొదలెట్టే ముందు ఒక్కసారి ఎక్కి కూర్చుందామని అతనికి బుద్ధి పుట్టింది. కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. కింద మూడు పెడళ్ళ మీదా అరచెయ్యంత చెక్కముక్కలు, పాత ట్యూబు పీలికలతో చుట్టి చుట్టి కట్టి ఉన్నాయి. జాసి ఆరడుగుల పైచిలుకు మనిషి.

"ఇదేం సీటు మావా, కప్ప కూర్చోడానికా?" అని కిందికి కేకేశాడు.

మామిడిచెట్టు కింద ముక్కాలిపీట మీద కూర్చున్న టావియా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు. "ముసలి మోకాళ్ళురా. చాచితే పట్టేస్తున్నాయి," అన్నాడు.

ఆయన కళ్ళకి పొర కమ్మి ఆర్నెల్లయిందని ఇంట్లో చెప్పుకునే లెక్క. ఇక బండి తోలలేనని, పెద్దల ముందు ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చేస్తానని కబురు పెట్టింది ఆయనే. ఇవ్వాల్సినవాళ్ళంటే ఎవరో ఆ ఊళ్ళో కోడిపిల్ల నడిగినా చెబుతుంది. మగవాడి సొత్తు కన్నపిల్లలకి పోదు, అక్కచెల్లెళ్ళ కొడుకులకి పోతుంది. కన్నపిల్లలు వాళ్ళమ్మ వంశం. మేనల్లుడే తన వంశం. టావియాకి ఉన్నది ఒక్క అక్క, ఆ అక్కకి ఉన్నది ఒక్క కొడుకు.

ఆ కొడుకే జాసి, టెచిమాన్ పట్నంలో పరాయి షెడ్డులో పదకొండేళ్ళుగా ఫిట్టరు. ఎవరెవరి బండ్ల కిందో వెల్లకిలా పడుకుని నల్లనూనె మొహాన కార్పించుకున్నవాడు. సొంత బండి అన్న మాట తల్చుకుంటేనే అతనికి కడుపు నిండినట్టుండేది. పాత సామాన్ల కొట్లో వెతికి వెతికి అయిదు గేర్ల బాక్సొకటి సంపాదించి, మూడు చక్రాల బండి మీద వేసుకుని పొద్దున్నే దిగాడు. ఎవరో అడిగితే తెచ్చింది కాదు అది. తన బండికి తను తెచ్చుకున్నాడు.

జేబులోంచి చాకు తీసి ట్యూబు పీలికలు కోశాడు. చెక్కముక్కలు మూడూ తీసి, పెరట్లో పొయ్యి ముందున్న మేనమామ భార్య సర్పోమా వైపు విసిరాడు. "అత్తా, వంటచెరుకు!"

సర్పోమా వాటిని చేత్తో పట్టుకుని ఒక క్షణం చూసింది. మొగుడి వైపు చూసింది. పొయ్యి పక్కన పెట్టింది.

సీటు బోల్టులు విప్పుతుంటే కింద గోనెగుడ్డలో చుట్టిన మూట తగిలింది. విప్పాడు. చదరంగా ఉన్న ఆకుపచ్చ సీసా, ష్నాప్స్ సారా, సీలు కూడా విప్పనిది. చీటీ మీది అక్షరాలు డీజిలుకి నాని సగం పోయాయి.

"ఓహో! మావా, తాగుడెప్పట్నుంచి? పైగా దాచుకుని!"

ఆ మాట పూర్తయ్యేలోపల బిరాగో వచ్చి సీసా లాక్కుంది. ఆమె టావియా కూతురు. భుజం దాకా వస్తుందేమో జాసికి. తలకి గుడ్డ, ఒంటి మీద తండ్రి పాత ఖాకీ చొక్కా, చేతిలో పానా.

"నాన్నది కాదు. నీదీ కాదు బావా."

"మరెవరిది?"

"ఎవరిదో. గేరు బాక్సు దింపుతావా, సీసాలు లెక్కపెడతావా?" అని గుడ్డ మళ్ళీ చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

చిన్నప్పుడు వీళ్ళిద్దరికీ ముడిపెడదామని పెద్దవాళ్ళు అనుకున్నారు. "నా ఒంటికున్న గ్రీజు నాకు చాలు, రెండో మనిషి గ్రీజు కూడా నేనుతకలేను," అని బిరాగో తేల్చి చెప్పింది. ఇద్దరూ వేరే వేరే చోట పెళ్ళిళ్ళు చేసుకుని సుఖంగా ఉన్నారు; బిరాగో కాపురం ఈ ఊళ్ళోనే. వెక్కిరింతలు మాత్రం మానలేదు.

లారీ నుదుటి పలక మీద 'బ్రెబ్రె' అని పసుపు అక్షరాలున్నాయి. మెల్లమెల్లగా అని అర్థం. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ బండికి ఇంకో పేరు లేదు. జాసికి ఆ పేరు నచ్చదు. దాని బదులు ఏం రాయించాలో కూడా దారిలో అనుకుంటూ వచ్చాడు.

పాత గేరు బాక్సు మధ్యాహ్నానికి దిగింది. క్యాబిన్ రెండు తలుపుల మధ్యా దూలం అడ్డం పెట్టి, నేలపలక తీసేసిన కంతలోంచి తాడు వేసి, బాక్సుకి ఉచ్చు బిగించారు. పైన తాడు వదిలేది జాసి, కింద పడుకుని మోకాళ్ళతో ఆపేది బిరాగో.

"మూడో గేరు ఎన్నాళ్ళనుంచి జారుతోంది?" అన్నాడు పైనుంచి.

"రెండు వర్షాకాలాలైంది. వాలు దిగేటప్పుడు మోకాలితో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే ఊడి వచ్చేస్తుంది."

"నీకెలా తెలుసు?"

"నాన్న చెప్పాడు," అంది బిరాగో. పీట మీద టావియాకి దగ్గొచ్చింది.

క్యాబిన్ కప్పు మీద పసుపు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇనప పట్టీలతో బిగించి ఉంది. దాని అడుగు నుంచి గొట్టం నేరుగా ఇంజనుకి. ట్యాంకులోంచి డీజిలు తోడే పంపు చచ్చిపోతే ఆ ఏర్పాటు. డబ్బా ఎత్తులో ఉంది కాబట్టి డీజిలు దానంతటదే దిగుతుంది. చూడగానే జాసికి నవ్వొచ్చింది. దగ్గరికెళ్ళి చూశాక నవ్వాగింది. పట్టీ కింద రాపిడి లేకుండా చెప్పు అట్ట కోసి వేశారు. గొట్టం ఎండకి పగలకుండా గుడ్డ చుట్టారు. తన షెడ్డులో కుర్రాళ్ళకి వంద సార్లు చెప్పినా ఇంత శుభ్రంగా చెయ్యరు.

"ఎవరు చేశారే ఇది?"

"చెయ్యాల్సినవాళ్ళు."

ఎండ వాలుతుండగా అక్క ఊరి నుంచి వంశపెద్ద చెరెమే కర్ర పట్టుకుని వచ్చాడు. లారీ కిందనుంచి రెండు మట్టిపాదాలు బయటికి కనిపిస్తున్నాయి. ఆయన వాటిని దాటుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ పిల్లని మంచినీళ్ళు తెమ్మను," అన్నాడు జాసితో.

వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చాకే ఏ కబురైనా అడగాలి. బిరాగో బయటికి పాక్కుంటూ వచ్చి, చేతులు బూడిదతో తోముకుని, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు కొంచెం వంగి నిలబడింది. చెరెమే తాగి, చెంబు ఇచ్చేసి, అప్పుడు జాసి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నీ బండి ఎప్పటికి కదులుతుంది?"

నీ బండి. జాసికి చెవుల్లో తేనె పోసినట్టయింది. "రేపటికి కదిలిస్తా పెద్దాయనా."

"ఎల్లుండి పొద్దున్న మీ అమ్మని తీసుకుని వస్తా. సీసా తెచ్చుకున్నావా? ఇచ్చినవాడి ముందు పుచ్చుకున్నవాడు సీసా పెట్టాలి, సాక్షులు తలో గుక్కా తాగాలి. అది లేందే ఇచ్చినట్టూ కాదు, పుచ్చుకున్నట్టూ కాదు."

"సంచీలో ఉంది."

బిరాగో ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. కాసేపటికి మళ్ళీ బండి కిందికి దూరింది. లోపల పానా గట్టిగా చప్పుడైంది. ఏ బోల్టు బిగించిందో గానీ, మర్నాడు దాన్ని విప్పడానికి జాసికి పానాకి గొట్టం తొడగాల్సి వచ్చింది.

ఆ పూట సర్పోమా దుంపలు ఉడికించి ఫుఫు ముద్ద దంచి తాటిపండు పులుసు పెట్టింది. జాసి రెండు గిన్నెలు లాగించాడు.

* * *

మర్నాడు కొత్త బాక్సు ఎక్కింది. పాతదానికన్నా అది నాలుగు వేళ్ళు పొడుగు. అందుకని వెనక చక్రాలకి పోయే పొడుగాటి ఇరుసు నాలుగు వేళ్ళు కొయ్యాలి. జాసి ఆక్సాబ్లేడుతో కోశాడు. కోసిన ముక్కల్ని అతికించాలంటే కూడలి దగ్గర వెల్డింగు కొట్టుకి పోవాలి. మూడు చక్రాల బండికి కబురు పెడదామని అతనంటుండగానే బిరాగో తలమీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని, "ఎత్తు బావా," అంది. ఇరుసు నెత్తిన పెట్టుకుని ఒక చెయ్యి మాత్రం ఆనించి పోయింది. ఎండ నడినెత్తికి రాకముందే తిరిగి వచ్చింది.

అతుకు వంకర ఉంటే బండి పరిగెత్తేటప్పుడు వణుకుతుంది. రెండు చెక్కలకి గాట్లు పెట్టి వాటి మీద ఇరుసుని పడుకోబెట్టారు. జాసి మెల్లగా తిప్పుతుంటే బిరాగో సుద్దముక్క కదలకుండా పట్టుకుంది. ఉబ్బు ఉన్న వైపే తెల్లగీత పడింది. అక్కడ కాల్చి, సుత్తితో తట్టి, మళ్ళీ తిప్పారు. నాలుగోసారికి గీత చుట్టూరా సమానంగా పడింది.

"ఇంకోసారి తిప్పు," అన్నాడు టావియా పీట మీంచి.

"సరిపోయింది మావా, గీత చూశాం."

"మీరు చూశారు. నేను వినాలిగా." తల వంచి విన్నాడు. "ఊఁ. ఇప్పుడు పాట పాడుతోంది."

జాసికి ఆ ఇంట్లో పని చెయ్యడం బాగుంది. షెడ్డులో అరుపులు, తిట్లు. ఇక్కడ చెయ్యి చాపితే కావాల్సిన పానా అడగకుండానే చేతిలో పడుతోంది. పన్నెండో నంబరు కావాలో పదమూడు కావాలో బిరాగోకి అతనికన్నా ముందే తెలుస్తోంది.

ఒక్క గేరు కడ్డీ దగ్గరే ఇబ్బంది. కొత్త బాక్సులో అది బాగా వెనక్కి వస్తుంది. జాసి సీటు మీద కూర్చుని, చెయ్యి ఎక్కడ హాయిగా వాలుతుందో చూసుకుని, అక్కడ సుద్దతో గుర్తు పెట్టాడు. కడ్డీని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి తన చేతికి అందేలా ఇంకాస్త వెనక్కి వంచాడు. వంచుతున్నంతసేపూ బిరాగో బొగ్గులు విసురుతూనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. సాధారణంగా ఆమె నోటికి అంత తీరిక ఉండదు.

గొట్టాల్లో గాలి తీసి తాళం తిప్పగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. సర్పోమా చెంగుతో కళ్ళొత్తుకుంది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

"కూడలి దాకా తిప్పి తీసుకురా. బిరాగోని కూడా ఎక్కించుకో," అన్నాడు టావియా.

"దేనికి మావా? నా బండి నేను తోలుకోలేనా?"

నోరు జారాక గానీ తెలియలేదు. ఇంకా నీది కాదు అని ఎవరూ అనలేదు. అదే అతనికి ఇబ్బందిగా అనిపించింది.

కూడలి దగ్గర దుంపలమ్మే ఆడవాళ్ళు గుట్టలు పోసుకుని కూర్చుంటారు. మనిషి తొడంత పెండలం దుంపలు. బ్రెబ్రె కనిపించగానే నలుగురు లేచి చేతులూపుకుంటూ రోడ్డు మీదికి వచ్చారు. డ్రైవరు మొహం చూశాక చేతులూపడం మానేశారు. అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో లావుపాటి ఆవిడొకతి దుంపలు కోసే కత్తి చేత్తోనే వచ్చి ఫుట్‌బోర్డు ఎక్కేసింది.

"దిగు."

"ఏంటమ్మా?"

"దిగమన్నానా! బిరాగో ఏది? దాన్నేం చేశావ్? పట్టపగలు బండెత్తుకొచ్చావా, ఎంత ధైర్యంరా నీకు!"

"దొంగ! దొంగ!" అని వెనకనుంచి ఇంకొకామె.

"దొంగనేంటి, టావియా నాకు మేనమామ! నేను మేనల్లుణ్ణి!" అని జాసి గొంతు చించుకున్నాడు.

లావుపాటామె కత్తి దించింది. అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "మేనల్లుడివా?" అని వెనక్కి తిరిగి, "ఏవమ్మోయ్, మనం అనుకున్నదానికన్నా పెద్ద దొంగే!" అంది. రోడ్డు రోడ్డంతా నవ్వింది.

జాసి కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. దిగి బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో కాల్చిన అరటికాయ ఒకటి చేతిలో పెట్టారు. తిట్టినా తిండి పెట్టడం మానరు వాళ్ళు.

"బిరాగో ఎందుకు తోలుతుంది? మావయ్య తోలేవాడు కదా, మొన్నటిదాకా," అన్నాడు.

"ఏ మొన్న? నాలుగేళ్ళయింది నాయనా. ఆయన పక్కన కూర్చుని ఎదురొచ్చేవాళ్ళకి చెయ్యెత్తి దణ్ణాలు పెట్టేవాడు, ఎవరొస్తున్నారో కూడా కనపడక. మేకలకి కూడా పెట్టేవాడు." లావుపాటామె నవ్వి, నవ్వు ఆపుకుంది. "కళ్ళు పోయాయని తెలిస్తే మీ వాళ్ళొచ్చి బండి పట్టుకుపోతారని కడుపులో పెట్టుకున్నారు. మేమూ నోరు కట్టేసుకున్నాం. ఇదుగో, ఈ దుంప చూడు. విరిగిందంటే సగం రేటు కూడా రాదు. నాలుగేళ్ళలో ఆ పిల్ల బండిలో నా దుంప ఒక్కటి విరిగితే ఒట్టు. గొయ్యి వస్తే చంటిపిల్ల తల్లి మెట్టు దిగినట్టు దింపుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు రేపు నువ్వెక్కి కూర్చుంటావు కాబోలు."

కొరకబోయిన అరటికాయని జాసి బానెట్ మీద పెట్టేశాడు.

"అది సరే, సీసా పెట్టిందా చివరికి?" అని ఇంకొకామె అడిగింది.

"ఏ సీసా?"

"సీటు కింద ఉంటుందే, పచ్చది. వాళ్ళ నాన్న నోటివెంట 'ఇది నీదే' అన్న మాట ఏ ఊరి దారిలో వస్తుందో తెలీదు, వచ్చిన చోటే సాక్షుల్ని పిలిచి ముందు పెట్టెయ్యాలని పక్కన పెట్టుకు తిరుగుతోంది పిచ్చిది. అడగందే అమ్మయినా పెట్టదే అంటే, అడిగితే నాన్న నలిగిపోతాడంటుంది."

తిరుగు ప్రయాణంలో జాసి అయిదో గేరు వెయ్యనే లేదు. మెత్తగా రావాలని చూశాడు. అయినా గోతుల్లో బండి రెండుసార్లు ఎగిరి పడింది.

ఇంటికి రాగానే నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. "అత్తా, ఆ చెక్కముక్కలేవి?"

సర్పోమా గిన్నె తోముతూ తలెత్తలేదు. "నిన్న ఫుఫు వాటి మీదే ఉడికింది. రెండు గిన్నెలు తిన్నావుగా."

* * *

మూడో రోజు తెల్లారీ తెల్లారకముందే జాసి లేచాడు. బిరాగో పొరుగిళ్ళలో కుర్చీలు అడిగి తేవడానికి వెళ్ళింది. నిన్న సాయంత్రం నుంచీ ఆమె బండి వైపు చూడటం లేదు. ఎటు పోయినా చుట్టు తిరిగి పోతోంది.

చెక్క ఏదిపడితే అది పనికిరాదు. పాదం రాపిడికి అరగకూడదు, నూనెకి ఉబ్బకూడదు. పెరడంతా వెతికి, వంటపాక గోడకి ఆనించిన విరిగిన రోకలి పట్టుకుని వచ్చి అత్త ముందు నిలబడ్డాడు. సర్పోమా రోకలి వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది.

"మా అమ్మ ఇచ్చింది అది. పందొమ్మిదేళ్ళు దంచాను," అంది. రోకలిని ఓసారి నిమిరి, "సరిగ్గా కొయ్యి," అంది.

రంపం చప్పుడు విని టావియా చేతికర్రతో తడుముకుంటూ వచ్చాడు. పక్కన చతికిలబడి చెయ్యి చాపాడు. జాసి కోసిన ముక్క ఆ చేతిలో పెట్టాడు. ముసలాయన దాని నాలుగు వైపులా బొటనవేలు తిప్పాడు.

"ఎంత మందం?"

"నాలుగు వేళ్ళు మావా."

"నా వేళ్ళా, నీ వేళ్ళా?"

"నావే."

"అయితే చాలదు. దాని కాలు నాకు తెలుసు. ఇంకో అరవేలు వెయ్యి." ముక్క తిరిగి ఇచ్చేశాడు గానీ లేవలేదు. "ఒరే జాసీ, నాకు నోరు రాలేదురా. ఈ బండి కొన్ననాడు మీ అమ్మ పెట్టెలో ఉన్న మంచి గుడ్డలన్నీ అమ్మేసింది. ఏడాదిపాటు చావుకీ పెళ్ళికీ ఒక్క గుడ్డతోనే వెళ్ళింది. దాని కొడుకుని కాదని నా కూతురికిస్తానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నువ్వు చెప్పొద్దు మావా. నువ్వు ఇవ్వాల్సినట్టే ఇయ్యి," అన్నాడు జాసి. పదకొండేళ్ళ ఆశ అది, ఊరికే పోతుందా? రంపం పెట్టి గట్టిగా నాలుగు లాగులు లాగాడు.

ముక్కలకి అంచులు గుండ్రంగా అరగదీసి, బెజ్జాలు వేసి, ఈసారి ట్యూబు పీలికలతో కాకుండా పెడళ్ళలోంచి బోల్టులు దూర్చి బిగించాడు. సీటు విప్పి ముందు రంధ్రాల్లోకి జరిపాడు. కడ్డీని మళ్ళీ బొగ్గుల్లో పెట్టాడు. అది ఎర్రబడేదాకా తనే విసురుకున్నాడు. నిన్న వెనక్కి వంచినదాన్ని ఇవాళ ముందుకి లాగుతుంటే చేతులు రెండూ బొబ్బలెక్కాయి.

బిరాగో నెత్తిన నాలుగు కుర్చీలతో వచ్చేసరికి క్యాబిన్ తలుపు మూసి, గుడ్డతో చెయ్యి తుడుచుకుంటున్నాడు.

"సీసా ఎక్కడ పెట్టావే?"

"నీకెందుకు?"

"దాని చోట దాన్ని పెట్టు. బండిలో ఉండాల్సిన సామాను బండిలోనే ఉండాలి."

"దేనికి? నీ మందు నిల్వ చేసుకోడానికా?"

"పెడతావా, నీ కుర్చీలు పడదొయ్యనా?"

గొణుక్కుంటూ తెచ్చి, తలుపు సందులోంచి చెయ్యి మాత్రం పెట్టి, లోపలికి చూడకుండానే సీటు కిందికి తోసేసింది.

చెరెమే వచ్చాడు. ఆయన వెనక జాసి తల్లి అఫ్రాకోమా, నీలం తెలుపు మంచి గుడ్డ కట్టుకుని, నెత్తికి అదే గుడ్డ చుట్టుకుని వచ్చింది. సాక్ష్యానికి ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు. నీళ్ళు తాగారు. దారి కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత టావియా లేచి నిలబడ్డాడు. తాళంచెవి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా కళ్ళు పోయాయి. నేను బతికున్నప్పుడే నా బండి ఇస్తున్నా. జాసీ, పుచ్చుకో."

జాసి కుడిచేత్తో తాళంచెవి అందుకున్నాడు. సంచీలోంచి సీసా తీసి పెద్దాయన ముందు పెట్టాడు. చెరెమే సీలు విప్పి, నేల మీద నాలుగు చుక్కలు పోసి, తాగి, గ్లాసు తిప్పాడు. అందరూ తాగారు. పని అయిపోయింది. బిరాగో గోడవారగా నిలబడి, చేతిగోళ్ళలో గ్రీజు గీక్కుంటోంది.

"ఎక్కి కూర్చో నాయనా, కళ్ళారా చూడనీ," అంది అఫ్రాకోమా.

జాసి తలుపు తీసి ఎక్కాడు. ఎక్కడం ఎక్కాడు గానీ కూర్చోవడం కుదరలేదు. మోకాళ్ళు స్టీరింగుకి రెండు వైపులా గడ్డం దాకా లేచాయి. తల కప్పుకి తగిలింది. పెడలు మీద పెట్టిన కాలు ఎత్తడానికి చోటు లేదు. గంపకింద ఇరుక్కున్న కొంగలా ఉన్నాడు. ముసలివాళ్ళలో ఒకాయన ఫక్కుమన్నాడు. చెరెమే కూడా కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు.

"ఇదేంట్రా? మూడ్రోజులు ఏం చేశావు నువ్వు?" అంది తల్లి.

"బాగానే చేశానమ్మా. బండే నాకు పట్టడం లేదు."

అతను దిగాడు. నవ్వుతూనే దిగాడు గానీ గోడ దగ్గరికి వెళ్ళేసరికి మొహంలో నవ్వు లేదు. తాళంచెవి బిరాగో ముందు చాపాడు.

"పెద్దాయనా, ఇందాక ఇది నాదయింది కదా? మీరంతా తాగారు కదా? నాది నేనిస్తున్నా. నాలుగేళ్ళుగా ఈ బండి తోలింది ఇది. బండి దీని కాళ్ళకి అలవాటైంది. బిరాగో, పుచ్చుకో."

బిరాగో కదల్లేదు. అతని మొహం చూసింది, తెరిచి ఉన్న క్యాబిన్‌లోకి చూసింది. రోకలి చెక్కలు, వాటి తలమీద కొత్త బోల్టులు, తన చెయ్యి వాలే చోటికి వంగిన కడ్డీ.

"మరి సీసా?" అన్నాడు చెరెమే. ఆయన గొంతులో నవ్వు పోయింది. "ఎవరిచ్చినా పద్ధతి పద్ధతే. సీసా లేందే..."

మాట పూర్తి కాకముందే బిరాగో పరిగెత్తింది. సీటు కిందనుంచి గోనెమూట లాగి, విప్పి, రెండు చేతులతో తెచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని పెట్టింది. చెరెమే సీసా ఎత్తి చూశాడు. అంగవస్త్రంతో తుడిచాడు.

"ఎప్పటిదే ఇది?"

"నాలుగేళ్ళది తాతా."

సీలు విప్పి గ్లాసులో పోశాడు గానీ తను తాగలేదు. తీసుకెళ్ళి అఫ్రాకోమా చేతికిచ్చాడు. "ఇది బయట వంశానికి పోతోంది. నీ గుడ్డల మీద కొన్న బండి. నువ్వు తాగితే మేం తాగుతాం. లేకపోతే ఇక్కడితో సరి."

టావియా అక్క కూర్చున్న వైపు మొహం తిప్పి, తల వంచుకున్నాడు.

అఫ్రాకోమా గ్లాసు పట్టుకుని కొడుకుని చూసింది. "వెర్రివెధవా," అంది. "నీ పెళ్ళానికి నేనేం చెప్పనురా?"

"నేను చెప్పుకుంటాలే అమ్మా."

"నాలుగేళ్ళా? కళ్ళు పోయి నాలుగేళ్ళయితే తోడబుట్టినదానికి చెప్పలేదా? నేనొచ్చి బండి పట్టుకుపోతాననుకున్నావా తమ్ముడూ?" అఫ్రాకోమా గ్లాసు మోకాలి మీద ఆనించుకుంది. "పట్టుకుపోయేదాన్నేలే. ఎందుకు పోను?"

తర్వాత మోకాళ్ళ మీదున్న బిరాగో వైపు తిరిగింది. "ఏమే పిల్లా, ఏ చావుకి పోవాలన్నా ముందు సీటు నాది. ఇంకెవర్నీ ఎక్కించకూడదు. నా గుడ్డ నలక్కూడదు."

"నలగదత్తా," అంది బిరాగో. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే గ్రీజు చేత్తోనే తుడుచుకుంది. మొహమంతా నల్లగా అయింది.

అఫ్రాకోమా నేల మీద నాలుగు చుక్కలు వంచి, పోయిన తన తల్లి పేరు చెప్పి, గ్లాసెత్తి తాగింది. మొహం చిట్లించింది.

"డీజిలు కంపు కొడుతోందే," అని, గ్లాసు మళ్ళీ చాపి ఇంకాస్త పొయ్యమంది.